గవ్వలరేవులో దించని చుక్క

గవ్వలరేవు పాతపేటలో చేపల బజారు దాటగానే, సముద్రానికి ఎదురుగా కనిపించే తెల్లని కట్టడమే చుక్కగోపురం. వలందుల, అంటే డచ్చివారి, కాలంలో ఓడలకు దీపం చూపడానికి కట్టారని పెద్దలు చెబుతారు. మా చర్చి దానికి ఆనుకొనే ఉంది. క్రిస్మస్‌కు వచ్చే యాత్రికులు ముందు ఫొటోలు దిగి, ఆ తరువాత తల పైకెత్తి, "ఇదేమిటండీ, చిరిగిన పాత చుక్కను దించకుండా వదిలేశారు?" అని మమ్మల్నే మందలిస్తారు. బద్ధకం కాదు నాయనా! కాస్త ఓపిక పట్టి ఇది చదవండి.

పూర్వం ఇక్కడ క్రిస్మస్ ముందునాటి సాయంత్రం చుక్క ఊరేగింపు జరిగేది. వెదురుబద్దలతో మనిషెత్తు చుక్క కట్టి, ఎర్ర నూనెకాగితం అంటించి, లోపల దీపం పెట్టి, పొడుగాటి గడకు ఎత్తేవారు. డప్పులతో, పాటలతో ఉత్తరపు పేట నుంచి దక్షిణపు పేట దాకా గడప గడపకూ మోసుకుపోయేవారు. చివరి ఇల్లు వచ్చేదాకా చుక్క వెనక్కి మళ్ళకూడదని కట్టడి. ఒక్క ఇల్లు తప్పినా ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా మూతి ముడుచుకునేవారు.

ఒక ఏడు, పొద్దుగూకే వేళకు ఉన్నట్టుండి తూర్పుగాలి లేచింది. పండగకు నాలుగు చేపలు తెద్దామని వెళ్ళిన పడవలు ఇంకా తిరిగి రాలేదు. గాలికి గోపురం మీది అద్దాలు పగిలి దీపం మలిగిపోయింది. ఎన్నిసార్లు వెలిగించినా నిలవడం లేదు. రూతమ్మ అనే ఇల్లాలు ఒడ్డున నిలబడి ఉంది. ఆమె పెనిమిటి నూకరాజు ఆ పడవల్లోనే ఉన్నాడు.

మసక చీకట్లో పడవల లాంతర్లు కనబడుతున్నాయి గాని, రేవుకు రావడం లేదు. అన్నీ వరసగా దక్షిణానికి మళ్ళుతున్నాయి. అటువైపు ఉన్నవి రాకాసిరాళ్ళు! వీళ్ళకేం పోయేకాలమని ఆమె తల తిప్పి చూసింది. ఊరేగింపు చుక్క కూడా దక్షిణానికే పోతోంది. గోపురం దీపమనుకొని పడవలవాళ్ళు ఆ చుక్కనే పట్టుకొని వస్తున్నారు.

రూతమ్మ పరుగున పోయి సంఘపెద్ద ఆశీర్వాదంగారికి అడ్డం నిలబడింది. "చుక్కను వెనక్కి తిప్పండి పెద్దయ్యా, గోపురం ఎక్కించండి!" అని ప్రాధేయపడింది.

"ఇదేం విడ్డూరమమ్మా! ఇంకా సగం పేట మిగిలే ఉంది. వెనక్కి మళ్ళితే ఊరికి అరిష్టం కాదూ?" అన్నారాయన.

"జ్ఞానులకు దారి చూపిన చుక్క ఆగలేదా? బిడ్డ ఉన్నచోట నిలిచింది గనకే వాళ్ళు చేరారు. మీది నడుస్తుంటే మావాళ్ళు రాళ్ళమీదికి పోతున్నారయ్యా! అటు చూడండి!"

ఆయన సముద్రం వైపు చూశారు. గడను తానే భుజానికెత్తుకొని గోపురం వైపు పరుగెత్తారు. పైన చుక్కను కడుతుండగానే, రాళ్ళ దగ్గర అన్నిటికన్నా ముందున్న లాంతరు ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ కనబడలేదు. అది ఎవరిదో తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మిగిలిన లాంతర్లు తడబడి, ఆగి, ఒక్కొక్కటే రేవుకు తిరిగాయి. పడవ ఇసుకను తాకినప్పుడల్లా రూతమ్మ ఎదురు వెళ్ళి, "మా ఆయన ఏడీ?" అని అడిగింది. ఆఖరి పడవలోని ముసలి సరంగు తల వంచుకున్నాడు. "మాకు దారి తీస్తానని అందరికన్నా ముందు పోయాడమ్మా," అన్నాడు.

తెల్లవారాక చుక్కను దించడానికి ఆశీర్వాదంగారు వచ్చారు. రూతమ్మ గోపురం మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది.

"దించకండి పెద్దయ్యా. ఇంకా ఒకరు రావాలి," అంది.

నాటి నుంచి మా ఊళ్ళో చుక్క ఊరేగదు. ఊరే చుక్క దగ్గరికి వస్తుంది. కట్టిన చుక్కను ఎవరూ చేత్తో దించరు. గాలి తీసుకుపోతేనే పోవాలి. సముద్రం మీద, సైన్యంలో, పరాయి ఊళ్ళలో తమవారు ఉన్నవాళ్ళు క్రిస్మస్ ముందునాటి సాయంత్రం ఆ మెట్టు మీద నిలబడి, వారి పేరు గట్టిగా పిలుస్తారు. అలా ఎవరి పేరు పిలిస్తే వారు క్షేమంగా ఇల్లు చేరుతారని ఇక్కడివారి నమ్మకం. మీవారి పేరు కూడా పిలవండి, మొహమాటపడకండి. అయితే మొదటి పిలుపు మాత్రం సంఘపెద్దది. "నూకరాజూ!" అని ఆయన కేకవేస్తారు. జవాబు కోసం అందరూ కాసేపు ఆగి, ఆ తరువాతే పాట ఎత్తుకుంటారు.