తవుడు అడిగిన దయ్యం

అనగా అనగా, ఏ పటంలోనూ దొరకని ఒక ఊళ్ళో, అన్నం మల్లెపువ్వులా తెల్లగా ఉంటే తప్ప ఎవరూ కంచం ముందు కూర్చునేవాళ్ళు కాదు. ఎవరింట్లో అన్నం ఎంత తెలుపైతే వాళ్ళు అంత గొప్పవాళ్ళు. పెళ్ళిచూపులకి వెళ్ళినా పిల్లని తర్వాత చూసేవారు, ముందు కుండలో అన్నం చూసేవారు.

ఆ ఊళ్ళో సన్యాసమ్మ అని ఒక అత్తగారు, గవరమ్మ అని ఒక కోడలు. కొడుకు అప్పలస్వామి పొలానికి పోతే పొద్దుగూకాక ఇంటికి రావడమే. గవరమ్మకి ఒక చంటిపిల్ల, దాని పేరు పైడి.

అప్పట్లో మిల్లులు ఎక్కడివి? వడ్లు రోట్లో పోసి రోకలితో దంచాలి. ఒకసారి దంచితే పైన ఊక పోతుంది. ఊక మనం తినలేంరా కిట్టూ, అది పొయ్యిలోకి. ఊక పోయాక బియ్యం మీద పల్చటి ఎర్రపొర ఒకటుంటుంది. మళ్ళీ దంచితే అది పొడిపొడిగా రాలుతుంది. దాన్నే తవుడంటారు. ఊ కొట్టండర్రా, మీరు కొట్టకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది.

సన్యాసమ్మ గుప్పెడు బియ్యం తీసి ఎండకి పట్టి చూసేది. ఎక్కడైనా ఎర్రజీర కనిపించిందా, మళ్ళీ రోట్లో పొయ్యమనేది. పోస్తే దంచాలి, దంచితే చెరగాలి, చెరిగితే చూపించాలి, చూపిస్తే మళ్ళీ పొయ్యమనేది. గవరమ్మ అరచేతులు బొబ్బలెక్కిపోయాయి.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా తిని కునుకు తీస్తున్న వేళ, పెరట్లో మునగచెట్టు మీంచి ఒక దయ్యం దిగింది. జుట్టు విరబోసుకుని, చంకలో పిల్లదయ్యాన్ని వేసుకుని. భయపడకే ధరణీ, పిల్లతల్లి దయ్యం అది, ఎవర్నీ ఏమీ చెయ్యదు. దాని పేరు నరసాయి. ఆకలేసి దిగింది, అంతే.

రోకలి ఇలా ఇయ్యమ్మా, నేను దంచిపెడతానంది. గవరమ్మ చేతిలో చేట దభీమని కిందపడింది. ఆ చప్పుడుకి సన్యాసమ్మ లేచొచ్చి, దయ్యమైతే మాత్రం ఊరికే చేస్తుందా, కూలి ఎంతని అడిగింది.

"మీరు తినేది నాకొద్దు తల్లీ. మీరు పారేసేదంతా నాది. మాట తప్పారో, దూలమెక్కి కూర్చుని కుండలోకి వెంట్రుకలు రాలుస్తా."

సన్యాసమ్మ కోడలి చెవిలో నోరు పెట్టి, "పిచ్చి దయ్యమే, మనసు మారేలోగా ఒప్పేసుకో" అంది.

ఇక దయ్యం రోకలి పట్టుకుంది. దంచుతూ పాడుకునేది.

తెలుపు మీకు, తవుడు నాకు.
మెతుకు మీకు, గంజి నాకు.
కాయ మీకు, ఆకు నాకు.
గుజ్జు మీకు, తొక్క నాకు.
హుఁ, హుఁ, హుఁ.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ ఎదురింటికి చెప్పింది, ఎదురిల్లు వెనకింటికి చెప్పింది. ఊరి వడ్లన్నీ నరసాయి రోట్లోకి, ఊరి తవుడంతా నరసాయి మూటలోకి. మునగాకు గేదెలకి తప్ప మనుషులకెందుకని అదీ దానికే. గంజి వార్చి కాలవలో పోసే బదులు దాని ముంతలోనే పోశారు. ఊరు ఊరంతా, ఇంత తెలివితక్కువ దయ్యాన్ని ఎక్కడా చూడలేదని నవ్వుకుంది.

నవ్వు ఎన్నాళ్ళుంటుంది? మనిషి దంపుకి కాస్తో కూస్తో ఎరుపు మిగిలేది, దయ్యం దంపుకి అదీ మిగల్లేదు. జనం తెల్లటి అన్నం తిని తెల్లగా పాలిపోయారు. ఒకడికి కాళ్ళు తిమ్మిర్లు, ఒకడికి నోటి మూలల పగుళ్ళు. అప్పలస్వామి రెండు చాళ్ళు దున్ని గట్టు మీద కూలబడేవాడు. అవన్నీ ఒక ఎత్తు, పైడి ఒక ఎత్తు. ఈడుపిల్లలు పరిగెత్తాల్సిన వయసొచ్చినా అది లేచి నిలబడదు. గోడకి ఆనించి కూర్చోబెడితే వడ్ల బస్తాలా కూర్చుంటుంది. ఈ పిల్లకి కాళ్ళొస్తాయా రావా అని గవరమ్మ గుండె పీచుపీచుమనేది.

పిల్లదయ్యానిదీ అదే ఈడు. అదేమో చెట్టు మీంచి చూరు మీదికి, చూరు మీంచి గోడ మీదికి, గోడ మీంచి గేదె వీపు మీదికి.

సన్యాసమ్మ ఊరుకుంటుందా? దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది. సంత నుంచి వచ్చినవాడొకడు వెల్లుల్లి ఒక్కటి తింటే చాలన్నాడని, వారం రోజులు ఇల్లంతా వెల్లుల్లి కంపు. ఇంకొకడొచ్చి వెల్లుల్లి వేడి, ఒట్టి సొరకాయ తినమన్నాడు. మూడోవాడొచ్చి సొరకాయ చలవ, నా చూర్ణం కొనమన్నాడు. మీ అమ్మ ఫోన్లో కబుర్లొస్తాయి చూడండి, పొద్దున నెయ్యి అమృతం, సాయంత్రం అదే నెయ్యి విషం. అవే ఇవి. అప్పట్లో వాటికి కాళ్ళుండేవి, గుమ్మంలోకి నడిచొచ్చేవి.

గవరమ్మ మాత్రం ఎవరినీ అడగలేదు. తిన్నగా చెట్టు కిందకెళ్ళి, "నరసాయీ, నీ పిల్లకేం పెడుతున్నావే?" అంది.

"మీరు పారేసిందే కదమ్మా. నాకు వేరే సిరులేమున్నాయి?"

దొప్ప విప్పి చూపించింది. దోరగా వేయించిన తవుడులో బెల్లం కలిపి కాల్చిన రొట్టె. గంజిలో ఉడికిన మునగాకు. సొరతొక్కల పచ్చడి. గవరమ్మ రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. కమ్మగా ఉంది. తన పిల్లకి పొద్దున ఏం పెట్టిందో గుర్తొచ్చింది: తెల్లన్నం, దాని మీద ఇంత పంచదార.

సగం నాకిస్తావా అని అడిగింది. దయ్యం తల అడ్డంగా ఊపింది. పారేసింది నాది, మాట మాటే అంది.

"మరి పారెయ్యకపోతే?"

నరసాయి కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "పారెయ్యకపోతే నాదెలా అవుతుందమ్మా" అంది. పాపం, దయ్యాలకి అబద్ధం రాదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో తవుడు పోలేదు, గంజి పోలేదు, ఆకు పోలేదు, తొక్క పోలేదు. గవరమ్మ నోరు మెదపకుండా వండి వడ్డించింది. సన్యాసమ్మ పచ్చడి రెండోసారి వేయించుకుంది, మూడోసారీ వేయించుకుంది.

"ఏం పచ్చడే ఇది?"

"మొన్నటిదాకా మీరు గోడవతల విసిరేసిందే అత్తా."

"నాకు తొక్కలు పెట్టావా? ఊరివాళ్ళు వింటే నా పరువేం కాను?"

"అయితే తీసెయ్యనా?"

"విస్తట్లో పడ్డాక తీస్తారుటే," అని సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గోడ మీంచి చూసి పక్కింట్లోనూ పారెయ్యడం మానేశారు. ఎదురింట్లోనూ మానేశారు, వెనకింట్లోనూ మానేశారు. నరసాయి మాత్రం రోజూ దంచుతూనే ఉంది. మూటలో చూస్తే ఏమీ లేదు. ఎవరూ మాట తప్పలేదు కాబట్టి దూలం ఎక్కడానికీ లేదు. ఓ మధ్యాహ్నం చెట్టు మీద పిల్లదయ్యం ఆకలికి ఏడ్చింది. నరసాయి రోకలి గోడకి ఆనించి, పిల్లని చంకనేసుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా దారి పట్టింది.

పోతే పోయింది పీడ అంది సన్యాసమ్మ. గవరమ్మ తింటున్న ముద్ద విస్తట్లో పెట్టేసి లేచింది. "మన వడ్లు దంచిన చెయ్యి అత్తా అది. ఆ చేతిని ఖాళీగా పంపేసి నేను ముద్దెలా మింగను?" అని వీధిలోకి పరిగెత్తి దాని కొంగు పట్టుకుంది.

ఇకనుంచి పారేసేది కాదు నీకు, మేం తినేదే నీకు, మాతోపాటే విస్తరి అంది. వడ్లు కూడా ఊక పోయేదాకా ఒక్క దంపే, తవుడు బియ్యం మీదే ఉండిపోనీ, నీకూ సగం చాకిరీ తప్పుతుంది, పిల్లల రొట్టెకి కావాలంటే గుప్పెడు దంచుకుందాం అంది. నరసాయి పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "నాకు విస్తరి వేసినవాళ్ళు ఇంతవరకూ లేరమ్మా" అని వెనక్కి తిరిగింది.

అన్నం ఎర్రగా ఉందని సన్యాసమ్మ నాలుగు రోజులు సణిగింది, ఐదో రోజు సణగడం మర్చిపోయింది. వానలు తగ్గేసరికి అప్పలస్వామి గట్టు మీద కూలబడటం మానేశాడు. పక్కింటివాళ్ళూ మానేశారు తిమ్మిర్ల మాట.

ఒక పూట పిల్లలిద్దరికీ చెరో రొట్టె పెట్టారు. పిల్లదయ్యం తనది మింగేసి, పైడి చేతిలోది లాక్కుని పెరట్లోకి పరుగు. పైడి కెవ్వుమంది. గోడ పట్టుకుంది. లేచింది. గోడ వదిలింది. దయ్యప్పిల్ల వెనకాల ఒక అడుగు, ఇంకో అడుగు, పడి, లేచి, దాని జుట్టు పట్టుకుని తన రొట్టె తను లాక్కుంది. తల్లులిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సన్యాసమ్మ మాత్రం, దయ్యాన్ని కొట్టిన మనవరాలని ఊరంతా చెప్పుకొచ్చింది.

మరి పిల్లదయ్యం ఏడ్చిందా అంటావా? ఎందుకేడుస్తుందే, పైడి సగం తుంచి పెట్టింది.

కాబట్టి రేపు కంచంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టేముందు అదేం పాపం చేసిందో కాస్త ఆలోచించండి. పైనున్న రంగు చూసి తిండికి విలువ కట్టకండి. మనకి వండినవాళ్ళూ దంచినవాళ్ళూ తిన్నారో లేదో అడిగి తినండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.