మొగ్గ కనరాదు

అనగనగా ఒక ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో పైడయ్య అనే పడవవాడు ఉండేవాడమ్మా. వాడికి చూపు మందగించింది. అయినా మంచు కమ్మిన పొద్దున కూడా పడవ నడిపేవాడు. ఎలాగంటావా? పాటతో.

పొగమంచు కప్పింది పొద్దు కనరాదు
నిగనిగల నీళ్ళలో నీడ కనరాదు
మొగలి వాసన వచ్చె
సగమేరు దాటాము సద్దు వినరాదు

పాదం పాడినంతసేపు తిన్నగా తెడ్డు వేసేవాడు. పాదం అవగానే మలుపు తిప్పేవాడు. వాళ్ళ నాన్న నేర్పింది అంతే. ఎందుకని అడగలేదు.

అప్పుడు ఆ ఊరి బడికి సోమయాజులు మాస్టారు వచ్చాడు. పాట విని మురిసిపోయాడు. "పొగ, నిగ, మొగ, సగ... ప్రాస ఎంత చక్కగా పడిందిరా! పొగకి పొద్దు, నిగకి నీడ, యతి కూడా కుదిరింది. మూడో పాదమే పాపం, సగంలో చతికిలబడింది."

"మా అయ్య అంతే పాడేవోడు బాబూ," అన్నాడు పైడయ్య, సిగ్గుపడుతూ.

"మీ అయ్య మర్చిపోయుంటాడు. 'మొగలి వాసన వచ్చె మొగ్గ కనరాదు.' ఇలా పాడు!"

పైడయ్య కూతురు నూకాలు అప్పుడే తెడ్డు పట్టడం నేర్చుకుంటోంది. ఆ పిల్లకి ఆ పాదం తెగ నచ్చింది.

తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, తనే తెడ్డు వేస్తూ అలాగే పాడసాగింది. మొదటిరోజు ఎండ కాసింది. కళ్ళకి దారి కనబడుతోంది, పడవ హాయిగా సాగింది. రెండోరోజు ముసురు. పడవ అడుగు దేనికో గీరుకుంది. "తొందరెక్కువే నీకు," అని తండ్రి కసిరాడు.

మూడోరోజు చెయ్యి చాపితే చెయ్యి కనబడనంత మంచు. నూకాలు మూడో పాదం నిండుగా పాడింది. ఆ రెండు మాటలంతసేపూ పడవ తిన్నగానే పోయింది. ఎదర నీళ్ళలో బండ ఉంది తల్లీ. అక్కడ తొందరగా తిరగాలనే ఆ పాదాన్ని పెద్దలు పొట్టిగా కట్టారు.

పడవ పగిలింది. నూకాలుకి మొగలిపొద చేతికి దొరికింది. పైడయ్య దొరకలేదు.

ఆ తర్వాత ఊరివాళ్ళు నూకాలుకి కొత్త పడవ కట్టించారు. మాస్టారు ఒడ్డుకొచ్చి బావురుమన్నాడు. "ఆ రెండు మాటలూ మర్చిపో తల్లీ."

"మర్చిపోదామనే చూస్తన్నాను బాబూ. మీరు మరీ బాగా కుదిర్చారు. వాసన వచ్చె అన్నానంటే, మిగతాది నోరు ఆగకుండా అనేస్తంది."

అప్పట్నుంచి మంచు పడిన రోజు ఆ రేవులో పడవ కదలదు. అవతలివాళ్ళు కేకేసినా నూకాలు పలకదు.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిదరేమో నా తల్లి కంటికి.