సంచీ మట్టిలో విజయ మొక్క

శుభలేఖల మీద పేర్లు రాయడం తప్ప ఇంతకు మునుపు నేనేమీ రాయలేదు. రాసే ధైర్యమూ లేదు. అయినా మా కొండ మీది వైద్యాశ్రమంలో జరిగిన ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పకుండానే పోతుందేమోనని మొదలుపెట్టాను. మాటలు ముందువెనకలైతే సర్దుకుని చదువుకోండి.

ఆ ఆశ్రమం నడిపే గురువుగారు పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, అడిగినవాళ్ళ చేతికి ఒక పని అప్పగించేవారు. కోపం ఎలా పోతుందని అడిగిన ఒకాయనకు పాలు కాచే పని ఇచ్చారు. ఆయన కొన్నాళ్ళు పొంగు తుడుచుకుని, పొయ్యి కడుక్కుని, ఒకనాడు తనలో తాను నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ ఆశ్రమంలో లేహ్యాలు కలిపే సుభద్ర నడివయసు మనిషి. చెల్లెలు పోతే, ఆవిడ పసిబిడ్డ మైథిలిని ఒళ్ళో వేసుకుని పెంచింది. ఆ పిల్లకి ఇప్పుడు కొండ కింద పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అక్కడే గది తీసుకుని ఉంటోంది. సుభద్ర రోజూ చీకటితో లేచి వండి, క్యారేజీ సర్ది, కొండ దిగే మొదటి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేది. తీరిక దొరికితే తనే దిగి వెళ్ళి గది ఊడ్చి, బట్టలు ఉతికి, నీళ్ళు పట్టి వచ్చేది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు ఆ క్యారేజీ పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. మూత కూడా తియ్యలేదు. ముద్దపప్పు మీద నెయ్యి చెదరలేదు.

ఆ సాయంత్రం కషాయం వడకడుతున్న గురువుగారి ఎదుటికి వచ్చి అడిగింది.

"గురువుగారూ, పెట్టే చెయ్యి ఎప్పుడు ఆగాలండీ?"

ఆయన గుడ్డ పిండి, గిన్నె మీద మూత పెట్టి, "తోటలోకి రా అమ్మా" అన్నారు.

ఆశ్రమం వెనక కంచె వేసిన తోట ఉంది. అందులో మందుల కోసం సర్కారు అనుమతితో గంజాయి పెంచేవారు. గురువుగారు దాన్ని వైద్యగ్రంథాల్లో పిలిచినట్టు విజయ అనేవారు. గేటు దగ్గర జోగులు కాపలా. "బయట పెంచితే నన్ను అట్టుకుపోతారు, లోపల పెంచితే జీతమిచ్చి కూకోబెట్టారు. మొక్క ఒకటేనమ్మా, గేటుదే మహిమ" అనేవాడు వచ్చినవాళ్ళందరితో.

అప్పుడే, నయమైపోయిన రోగి ఒకాయన అభిమానం కొద్దీ పట్నం నుంచి కుండీ మట్టి సంచులు పంపించాడు. నల్లగా, మెత్తగా, దూదిలా తేలిగ్గా ఉండే మట్టి. దాని నిండా సగ్గుబియ్యమంత పసుపుపచ్చ గుళికలు. అవి ఎరువు గుళికలట. తడికీ వేడికీ కొద్దికొద్దిగా లోపలి ఎరువును వదులుతూ నెలల తరబడి మొక్కను మేపుతాయట. గురువుగారు విజయ నారు రెండు తీసి సుభద్ర చేతిలో పెట్టారు.

"ఒకటి ఈ సంచీ మట్టిలో నాటు. దానికి నువ్వు పెట్టాల్సిందేమీ లేదు, నీళ్ళు పోస్తే చాలు. రెండోది మన పుట్టమట్టిలో నాటు. అది అడిగినప్పుడు మాత్రం ఏదైనా పెట్టు."

"అడిగిందని నాకెలా తెలుస్తుందండీ?"

"దగ్గర కూర్చో."

సుభద్ర కూర్చుంది. మధ్యాహ్నం మందులు నూరడం అయ్యాక, చేతులకు ఇంకా పిప్పళ్ళ ఘాటు వదలకుండానే వెళ్ళి, రెండు కుండీల మధ్య పీట వేసుకుని కూర్చునేది. సంచీ మట్టిలోది చూస్తుండగానే ఏపుగా లేచింది. ఆకు మీద ఆకు, నల్లబడ్డ పచ్చదనం. పుట్టమట్టిలోది మెల్లగా, ఆలోచించుకుంటున్నట్టు పెరిగింది. ఒక్కోరోజు దాని రంగు పలచబడేది. అప్పుడు వానపాముల ఎరువు నానబెట్టిన నీళ్ళు చెంబుడు పోసేది. మర్నాటికి దాని ముఖం తేటపడేది. అలా చూస్తూ చూస్తూ ఆమెకు ఆ మొక్క ఆకలి ఎలా ఉంటుందో తెలిసిపోయింది, తెలియని ఊళ్ళో తెలిసిన మనిషి అడుగుల చప్పుడు తెలిసినట్టు.

వానలు పట్టాక కొండ మీద మబ్బు కిందికి దిగి తోటలో నడిచేది. ఆ తెల్లటి పొగలో మొక్కలు జుట్టు విరబోసుకున్న ఆడపిల్లల్లా కనిపించి మాయమయ్యేవి. ఆకుల పచ్చివాసనకు సుభద్రకు కళ్ళు మూతలు పడేవి. ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టుండేది. "పెద్దమ్మా, ఇంకొక ముద్ద" అన్నట్టుండేది. ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే కొంగుకు తగులుతున్నది ఆకు. అలాంటి ఒకనాడు సంచీ మట్టి మొక్కకేసి చూసి, పాపం, దీనికి నా చేత్తో ఏమీ పెట్టలేదే అనిపించింది. గురువుగారు వద్దన్న మాట గుర్తుండగానే పేడనీళ్ళు కలిపి పోసింది. ఆ తరవాత అది అలవాటైపోయింది.

క్యారేజీ మాత్రం రోజూ దిగుతూనే ఉంది. ఒకనాడు ఖాళీగా వచ్చేది, ఒకనాడు నిండుగా వచ్చేది. వానలు వెనకబట్టి చలి తగిలే వేళకు, దాంతో పాటు ఒక కబురు కూడా వచ్చింది. కండక్టరు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మీ అమ్మాయి చెప్పమన్నారమ్మా. 'నా గదిలో ఇంతవరకు నా వంట వాసన రాలేదు పెద్దమ్మా' అన్నారు. ఇంకొక్క క్యారేజీ వస్తే ఈ గది ఖాళీ చేసి, ఎక్కడుండేదీ చెప్పనన్నారు."

"కోపంలో అని ఉంటుంది."

"కోపం లేదమ్మా. కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు."

ఆ రోజు సుభద్ర మందుల గదిలోకి పోలేదు. నేరుగా తోటలోకి పోయింది. పూత వేళ అది. పుట్టమట్టి మొక్క కింది ఆకులు పండి ఒకటొకటే రాలుతున్నాయి. పైన కంకులు మాత్రం బిగిసి, జిగురు పట్టి, దగ్గరికి వెళితే తల తిరిగే పరిమళంతో ఉన్నాయి. సంచీ మట్టి మొక్క మనిషెత్తు లేచింది గానీ దాని ఆకుల కొసలు గద్దగోళ్ళలా కిందికి వంగిపోయాయి. కంకి రావలసిన చోట మళ్ళీ ఆకులే పుట్టుకొస్తున్నాయి. పూత వేళ వచ్చిన సంగతి దానికెవరూ చెప్పనట్టుంది.

ఆమెకు ఏం తోచిందో, కూర్చుని ఆ కుండీ మట్టిని వేళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ గుళికల్ని ఏరి పక్కన పెడుతోంది. కొన్ని నలిపితే డొల్లగా ఉన్నాయి. కొన్నింటిలోంచి ఇంకా చిక్కటి నీరు కారుతోంది. లోపలికి పోయేకొద్దీ గుళికలు వట్టిగా రావడం లేదు. సన్నటి తెల్లటి వేళ్ళు వాటిని గుప్పెట పట్టుకున్నట్టు చుట్టుకుని ఉన్నాయి. లాగితే వేరు తెగుతోంది, తెగిన చోట నీరు చిమ్ముతోంది.

గేటు దగ్గర నుంచి జోగులు కేకేశాడు. "ఏటమ్మా ఆ ఏరడం? బియ్యంలో రాళ్ళా?"

సుభద్ర ఇంకో గుళిక ఏరింది. ఎప్పుడొచ్చారో, గురువుగారు వెనక నిలబడి ఉన్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పెట్టింది వెనక్కి తీసుకుంటున్నానండీ. రావడం లేదు." పక్కన పెట్టిన గుళికల్ని గుప్పెట్లోకి తీసి చూపించింది. "ఈ గుళికలకి కళ్ళు లేవండీ. అది తింటోందో లేదో చూడవు. పెడుతూనే ఉంటాయి. నేను పేడనీళ్ళు కూడా పోశాను. నాకు కళ్ళున్నాయి."

ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డారు. తెగిన వేళ్ళ మీదికి తన చేత్తో మట్టి మెల్లగా కప్పారు. ఏరిన గుళికలు ఆమె గుప్పెట్లోంచి తీసుకుని కంచె అవతలికి విసిరారు. మబ్బు మళ్ళీ దిగుతోంది. జోగులు కనబడటం లేదు, వాడి దగ్గు మాత్రం వినబడుతోంది.

"ఈ మొక్క చచ్చిపోతుందాండీ?"

"చావదు. వట్టి నీళ్ళు పోస్తూ ఉండు. ఆలస్యంగానైనా దాని సంగతి అది చూసుకుంటుందేమో."

సుభద్ర కొంగుతో ముఖం తుడుచుకుని రెండో కుండీ వైపు చూసింది. ఆ చూస్తుండగానే పండుటాకు ఒకటి తొడిమ ఊడి, చప్పుడు లేకుండా ఆమె పాదం మీద పడింది.

"మరి ఇదేంటండీ, ఇలా ఆకులు రాల్చుకుంటోంది. దీనికైనా చెంబుడు ఎరువు నీళ్ళు పొయ్యమంటారా?"

"ఎందుకు?"

"ఆకలేస్తోంది కదండీ దానికి."

గురువుగారు ఆ పండుటాకు తీసి, వెలుతురుకు పెట్టి చూశారు. ఈనెలు తప్ప అందులో ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా పైకి, పూతలోకి పోయింది. ఆకును ఆమె అరచేతిలో పెట్టారు.

"దాని ఆకలి కూడా మనమే తినేస్తే ఎలాగమ్మా?"

అని లేచి, మబ్బులో కలిసి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సు వచ్చేసరికి సుభద్ర ఎప్పటిలాగే దారి పక్కన నిలబడి ఉంది. చేతిలో క్యారేజీ ఉంది. దాన్ని చూసి కండక్టరు దిగడానికి సందేహించాడు.

"అమ్మా, నిన్న చెప్పాను కదమ్మా."

"చెప్పావు నాయనా. ఇది అమ్మాయికి ఇచ్చెయ్యి, తను వండుకున్నది సర్దుకోడానికి ఉంటుంది."

అతను అందుకుని, తేలిగ్గా ఉందనిపించి ఊపి చూశాడు. గిన్నెలు ఒకదాన్నొకటి తగిలి ఖంగుమన్నాయి.

"ఖాళీదమ్మా ఇది."

"ఖాళీదే" అంది సుభద్ర. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చి, ఒక్కరికి సరిపడా బియ్యం కడిగింది.