ఎలుగుబంటి పూచీ

అనగనగా ఒక అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. బయటి జంతువు ఏదైనా ఏరు దాటి వచ్చి అక్కడ బతకాలంటే, లోపలి జంతువు ఒకటి దానికి పూచీ పడాలి. "ఇది నా దగ్గర ఫలానా పని చేస్తుంది, దీని మంచిచెడ్డలు నావి" అని ఏనుగమ్మ ముందు నిలబడి చెప్పాలి. ఏనుగమ్మ ఆ అడవికి పెద్ద. ఆమె తడిమట్టి ముద్ద మీద కాలివేలు నొక్కి, ఎండబెట్టి, ఆ బిళ్లను వచ్చిన జంతువు చేతికే ఇచ్చేది. బిళ్ల ఉంటే అడవిలో ఉండొచ్చు. లేకపోతే లేదు.

ఈ కట్టుబాటులో తప్పేమీ లేదు పిల్లలూ. ఇల్లన్నాక తలుపుంటుంది. ఎవరొస్తున్నారు, ఎందుకొస్తున్నారు అని అడగడం తప్పు కాదు. అడిగినవాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నది చూడాలి.

ఏరవతల ఒక బోడిగుట్ట. అక్కడ అలుగులు ఉండేవి. అలుగును మీరు చూసి ఉండరు. ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి నాలుక, ముందుకాళ్లకు కొడవళ్లలాంటి గోళ్లు. ఆ గోళ్లతో పుట్టలు తవ్వి చెదలు తింటుంది. దానికి ఇంకో తిండి తెలియదు. మనుషులు వచ్చి రాయి కోసం ఆ గుట్టను పగలగొట్టారు. పుట్టలు పోయాయి, చెదలు పోయాయి. అలుగులు ఆకలితో మాడిపోయాయి.

అదే ఏడు అడవి లోపల మద్దిచెట్లకు చెద పట్టింది. ఎలుగుబంటి దుబ్బన్న ఏనుగమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఎనిమిది అలుగుల్ని తెప్పిస్తాను. చెట్లకు పట్టిన చెదను తింటాయి. వాటి కడుపు నిండుతుంది, మన చెట్లు దక్కుతాయి. పూచీ నాది."

మాట బాగుంది. ఏనుగమ్మ ఎనిమిది బిళ్లలు నొక్కి ఎండబెట్టింది.

ఆ ఎనిమిదిలో ఒకటి అలివేలు. దాని తోక మొదట్లో నెల పిల్ల ఒకటి అతుక్కుని ఉండేది. అలుగు తల్లులు పిల్లల్ని అలాగే మోస్తాయి. అలివేలు పక్కనే నాంచారి, దాని పెద్దక్క. మొత్తం ఎనిమిదింటిలోకీ వయసులో పెద్దది.

అవి ఏరు దాటి ఒడ్డెక్కగానే ఏనుగమ్మ ఎవరి బిళ్ల వాళ్ల చేతికిచ్చి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే దుబ్బన్న చెయ్యి చాపాడు.

"బిళ్లలు ఇటివ్వండి. మట్టివి కదా, వానకు కరిగిపోతాయి. నేను భద్రంగా దాస్తాను."

కొత్త చోటు. అడిగింది పెద్దవాడు. అలుగులు ఇచ్చేశాయి.

దుబ్బన్న వాటిని మద్దిచెట్ల దగ్గరికి తీసుకెళ్లలేదు. కొండ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడంతా నల్లరాయి, మధ్యమధ్య గట్టి మొరం.

"ఇక్కడ తవ్వండి. ఎండాకాలం పడుకోవడానికి నాకు చల్లటి గుహ కావాలి. ఒకటి చాలదు, నాలుగు."

"మేం వచ్చింది చెదపనికి కదా?" అంది నాంచారి.

"వచ్చిన పూటే ఏం పని చెయ్యాలో నాకు నేర్పుతున్నావా అవ్వా? చెదపని తర్వాత చూద్దాం. సాయంత్రం తలా ఒక పుట్టముక్క తెచ్చి పడేస్తాను. తిని పడుకోండి."

తవ్వాయి. రాయి ఆ గోళ్లను తినేసింది. నాలుగు నెలలు తిరిగేసరికి కొడవళ్లు మొద్దులయ్యాయి. మొద్దుగోళ్లతో పుట్ట పగలదు. పుట్ట పగలకపోతే తిండి లేదు. ఇక దుబ్బన్న తెచ్చి పడేసే ముక్కే దిక్కు. ఎవరినైనా కట్టిపడెయ్యాలంటే తాడే ఉండాలని లేదు పిల్లలూ. ఈ సంగతి పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

పూచీ పడినవాళ్లు మాట నిలబెట్టుకుంటున్నారో లేదో చూసే పని ముంగిస మునెయ్యది.

మొదటిసారి మునెయ్య ముందురోజే కబురు పంపి వచ్చాడు. దుబ్బన్న తేనెపట్టు విరిచి ఆకులో పెట్టాడు.

"ఎండన పడి వచ్చారు మునెయ్య గారూ. ముందు నోరు తీపి చేసుకోండి. పని ఎక్కడికి పోతుంది?"

మునెయ్య తిన్నాడు. మూతి తుడుచుకుని బిళ్లలు చూపించమన్నాడు. దుబ్బన్న వరసగా పేర్చాడు. ఎనిమిది బిళ్లలు, అన్నిటి మీదా ఏనుగమ్మ కాలివేలి గుర్తు. "అన్నీ సక్రమంగా ఉన్నాయి" అని మునెయ్య వెళ్లిపోయాడు. అలుగులు ఎక్కడున్నాయని కూడా అడగలేదు.

రెండోసారి, "బిళ్లలతో సరిపెట్టకు, అలుగుల్ని కూడా అడిగి రా" అని ఏనుగమ్మ చెప్పి పంపింది. అప్పుడూ ముందురోజే కబురు వెళ్లింది. దుబ్బన్న ఎనిమిదింటినీ కడిగి, వరసగా నిలబెట్టి, తను వెనక నిలబడ్డాడు.

"ఏం పని చేస్తున్నారు?" అన్నాడు మునెయ్య.

"చెదపనండీ" అన్నాయి ఎనిమిదీ.

"తిండి?"

"కడుపు నిండా పెడుతున్నారండీ."

"చూశారా, నేను చెబితే గొప్పలు చెప్పుకుంటున్నానంటారు" అన్నాడు దుబ్బన్న. తేనెపట్టు మళ్లీ వచ్చింది.

ముందురోజు దుబ్బన్న అలుగులతో ఏమన్నాడో చెబుతాను వినండి. "నేను తప్పు చేశానని తేలితే నా పూచీ రద్దవుతుంది. పూచీ రద్దయితే మీ బిళ్లలూ రద్దు. మూడోరోజుకు మీరు ఏరవతల ఉంటారు. ఇది నేను పెట్టిన నియమం కాదు. మీ ఏనుగమ్మ పెట్టిందే."

అది నిజం. నియమం అలాగే ఉంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. దొంగ అబద్ధం చెప్పి బెదిరిస్తే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. వీడు నిజం చెప్పి బెదిరించాడు.

ఏడాది గడిచింది. గాలీ వానా లేని ఒక ఉదయం పెద్ద మద్దిచెట్టు ఒకటి ఏనుగుల దారికి అడ్డంగా కూలింది. ఏనుగమ్మ చెట్టు మొదట్లో తొండం పెట్టి చూసింది. లోపలంతా డొల్ల. చెదలు పొర్లుతున్నాయి.

"మునెయ్యా, ఎనిమిది అలుగులు ఏడాదిగా తింటుంటే ఈ చెట్టు ఎలా డొల్లయింది?"

మునెయ్య డొల్లలోకి తొంగి చూశాడు.

"వెళ్లు. ఈసారి కబురు పంపకుండా వెళ్లు. తేనె తినకుండా రా."

తేనె సంగతి ఆమెకు ఎలా తెలిసిందని మునెయ్య అడగలేదు.

మిట్టమధ్యాహ్నం. కొత్త గుహలో దుబ్బన్న గుర్రు పెడుతున్నాడు. మునెయ్య కొండ వెనక నుంచి వెళ్లాడు. రాయి గీరుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు పట్టుకుని వెళ్తే అలివేలు కనిపించింది. పిల్ల తోక మీద నిద్రపోతోంది. అలివేలు మునెయ్యను చూసి ముందుకాళ్లు పొట్ట కిందికి ముడుచుకుంది.

"ఇక్కడ ఏం చేస్తున్నావు?"

"చెదపనండీ."

"రాతికి చెద పట్టిందా?"

అలివేలు ముందుకాళ్లను ఇంకా లోపలికి ముడుచుకుంది.

"చేతులు చూపించు."

"వద్దండీ."

"చూపించమ్మా."

అలివేలు మెల్లగా చాపింది. మునెయ్య చాలాసేపు చూశాడు. తనూ తవ్వి తినే జంతువే. ఆ మొద్దులు ఎలా తయారయ్యాయో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"రెండుసార్లు వచ్చాను. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమవుతుందయ్యా? మూడోరోజుకు మేం ఏరవతల ఉంటాం. ఈ గోళ్లతో అక్కడ నేనేం తవ్వను, దీనికేం పెట్టను? నువ్వు మాత్రం సాయంత్రానికి ఇంటికెళ్లి పడుకుంటావు."

మునెయ్యకు ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. "పంచాయతీలో నువ్వు చెబితేనే ఇది నిలబడుతుంది. చెప్పాక మిమ్మల్ని ఉండనిస్తారని మాట ఇవ్వలేను. అది నా చేతిలో లేదు. ఇచ్చి తప్పితే వాడికీ నాకూ తేడా ఏముంది?"

"మరి నేనెందుకు చెప్పాలి?"

"తెలియదు. నువ్వే ఆలోచించుకో."

అలివేలు వెనక్కి తిరిగి పిల్లను చూసింది. పిల్ల నిద్రలో కాళ్లు కదిలిస్తోంది. చిన్న చిన్న గోళ్లు, ఇంకా నేల ఎరగని గోళ్లు.

"వచ్చే వేసవికి దీన్ని కూడా రాతి మీద పెడతానన్నాడు" అంది అలివేలు. పిల్ల జారకుండా తోక సర్దుకుని, "పద, చెబుతాను" అంది.

పంచాయతీ ఏటి ఒడ్డున కూర్చుంది. దుబ్బన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆకలితో చచ్చేవాళ్లను తెచ్చి నీడ ఇచ్చాను. వాళ్లంతట వాళ్లే సాయం చేస్తామన్నారు. ఇప్పుడు ఈవిడకు ఎవరో ఎక్కించారు."

"బిళ్లలు ఎక్కడున్నాయి?" అంది ఏనుగమ్మ.

"నా దగ్గరే. భద్రంగా."

"నేను ఎవరి చేతికిచ్చాను?"

దుబ్బన్న దగ్గాడు. ఏనుగమ్మ పక్కనే ఉన్న పుట్టను చూపించి, "అలివేలూ, దీన్ని తవ్వు" అంది. అలివేలు తవ్వింది. మొద్దులు జారిపోయాయి, పుట్ట మీద గీత కూడా పడలేదు. మిగిలిన ఏడూ ఒకదాని తర్వాత ఒకటి తవ్వి చూశాయి. గీత పడలేదు. అప్పుడు అలివేలు మొదటినుంచీ అంతా చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

దుబ్బన్న తప్పు తేలిపోయింది. ముసలి దుప్పి లేచింది. అది చెడ్డది కాదు, జాగ్రత్త ఎక్కువ.

"వాడి పూచీ తీసెయ్యాల్సిందే. కానీ నియమం నియమమే. ఈ ఎనిమిదీ వెళ్లాలి. లేకపోతే రేపు బోడిగుట్ట మొత్తం ఏరు దాటి వచ్చి ఇదే కథ చెబుతుంది. ఏది నిజమో ఎలా తెలుస్తుంది?"

"మంచి ప్రశ్న" అంది ఏనుగమ్మ. "మునెయ్యా, తనిఖీ నీది. నువ్వు చెప్పు."

మునెయ్య ముందుకు వచ్చాడు.

"చేతులు చూస్తే తెలుస్తుంది అమ్మా. నేను చూడలేదు. మొదటిసారి బిళ్లలు చూసి తేనె తిన్నాను. రెండోసారి వాడి ఎదుటే వీళ్లను అడిగి తేనె తిన్నాను. అది నా తప్పు. కానీ ఒక్క మాట. నిజం చెబితే వెళ్లగొడతామని వీళ్లకు చెప్పింది మన నియమమే. అది ఉన్నంతకాలం నేను వందసార్లు వెళ్లినా 'చెదపనండీ' అనే అంటారు."

ఏనుగమ్మ వంగి అలివేలు మొద్దుగోళ్లను తొండంతో తాకింది.

"ఆ నియమం పెట్టింది నేనే" అంది. "దొంగ పూచీదార్లు భయపడతారని పెట్టాను. భయపడింది వీళ్లు."

తర్వాత తీర్పు చెప్పింది. దుబ్బన్న ఇక జన్మలో ఎవరికీ పూచీ పడకూడదు. గోళ్లు పెరిగేదాకా ఆ ఎనిమిదింటికీ తన చేతులతోనే పుట్టలు తవ్విపెట్టాలి. మునెయ్య ఇక ఏ పూచీదారు ఇంట్లోనూ నీళ్లు కూడా ముట్టకూడదు. చెప్పకుండా వెళ్లాలి, పనిచేసేవాళ్లను విడిగా అడగాలి. బిళ్ల ఎవరిదైతే వాళ్ల దగ్గరే ఉండాలి. పూచీదారు మోసం బయటపెట్టినవాళ్లను మూడోరోజు పంపెయ్యకూడదు. ఇంకో పూచీ వెతుక్కోవడానికి నాలుగు నెలలు గడువివ్వాలి.

"గడువు తర్వాత?" అంది దుప్పి.

"గడువు తర్వాత కట్టుబాటు అందరికీ ఒకటే" అంది ఏనుగమ్మ.

గోళ్లు మెల్లగా పెరిగాయి. మద్దిచెట్ల కింద బొరియ ఉన్న ముళ్లపంది అలివేలుకు పూచీ పడింది. కుందేళ్లు రెండింటికి పడ్డాయి. అడవిపిల్లి ఒకదానికి, నెమలి ఇంకో రెండింటికి. ఆరు నిలబడ్డాయి. రెండింటికి పూచీ దొరకలేదు. అందులో ఒకటి నాంచారి. ముసలిదాన్ని ఎవరు పనికి తీసుకుంటారు? ఈ చోటు నాకు నచ్చదు పిల్లలూ. అయినా దాచిపెట్టి మీకు కథ చెప్పలేను.

గడువు తీరిన ఉదయం అలివేలు అక్కను సాగనంపడానికి ఏటి దాకా వెళ్లింది. పిల్ల తోక దిగి పక్కన నడుస్తోంది. నాంచారి నీళ్లలో కాలు పెట్టి ఆగింది.

"నువ్వు నోరు విప్పకపోతే అందరం ఇక్కడే ఉండేవాళ్లం."

"ఉండేవాళ్లం అక్కా" అంది అలివేలు.

నాంచారి చెల్లెలి ముఖంలోకి చూసింది. తర్వాత వంగి పిల్ల ముందుకాలిని తన చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో ఒక్కో గోరునీ తడిమింది. ఎక్కడా అరుగు లేదు.

"మంచిపని చేశావులే" అని ఏరు దాటింది.

నీతి: నిజం చెప్పినవాడినే శిక్షించే చోట ఎన్నిసార్లు తనిఖీ చేసినా అబద్ధమే దొరుకుతుంది; న్యాయం చెయ్యాలనుకునేవాడు ముందు ఆ భయాన్ని తీసెయ్యాలి.