పన్నెండు మంది వంచి చూసిన పెరుగు

మా పరాంకుశం గారిని ప్రశ్న అడిగితే జవాబు రావడం అరుదు, ఏదో ఒక పని తగులుకోవడం మాత్రం ఖాయం. ఆయన దగ్గర క్వాంటం భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నీలవేణికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ రోజు మధ్యాహ్నం ఆమె అడగక తప్పలేదు.

“కణాన్ని కొలిచిన ప్రతిసారీ అది కాస్త చెదురుతుందంటారు కదండీ. నేను ఒకే కణాన్ని వరసగా ఇరవై ప్రశ్నలు అడగాలి. చివరికి వచ్చేసరికి పొరపాటు ఎంతకు పెరుగుతుందో హద్దు చెప్పలేకపోతే నా మూడేళ్ల పని గంగలో కలిసినట్టే.”

“వంటింట్లో పెరుగు తోడుకుందేమో చూసిరా అమ్మాయీ” అన్నారాయన.

ఆ రోజు మా విభాగంలో విందు. మెస్సులో వంట చేసే తాయారమ్మ అందరికీ కలిపి ఒక్క కుండలో పెరుగు తోడుపెట్టింది. నీలవేణి కుండను కొంచెం వంచి చూసి, తోడుకుందని వచ్చి చెప్పింది. గురువుగారు అంతటితో ఊరుకోక, ఆమె తోటి శిష్యులమైన మమ్మల్నీ ఒకరి తర్వాత ఒకరిని పంపారు. నీలవేణితో కలిపి పన్నెండు మందిమి తలా ఒకసారి వంచి చూశాం.

తాయారమ్మ లబోదిబోమంది. “ఉన్నది ఒక్క కుండ బాబూ! ఇంతమంది వంచితే మజ్జిగే మిగిలేది!”

నేనూ కంగారుగా కుండ దగ్గరికి వెళ్లాను. పెరుగు లేనిది నాకు భోజనమే కాదు. తీరా చూస్తే పెరుగు గట్టిగానే ఉంది. అంచున ఊరిన నీటిని తాయారమ్మ తీసి చూపించింది, అందరి వంపులకూ కలిపి రెండు చెంచాలు. మేం సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాం.

తాయారమ్మ తనకోసం ఆలస్యంగా తోడుపెట్టుకున్న చిన్న గిన్నె పక్కనే ఉంది. “దీన్నీ చూడు” అన్నారు గురువుగారు. నీలవేణి అంతే జాగ్రత్తగా వంచింది. ఆ ఒక్క వంపుకే సగం గట్టిపడ్డ పెరుగంతా చెదిరి నీళ్లు తేలాయి.

ఆమె గిన్నెనూ కుండనూ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వింది. “అయితే జవాబు ముందే దాదాపు ఖాయమైన ప్రశ్న అడిగితే, కణం కూడా తోడుకున్న పెరుగులా కొంచెమే చెదురుతుంది! అలా ఒక్కో వంపు నష్టాన్నీ కూడుకుంటే, మొత్తం ఇంచుమించు ఆ కూడికను దాటదన్నమాట!”

తన వంతు పెరుగు తాయారమ్మకు ఇచ్చెయ్యమని చెప్పి, గురువుగారు విస్తరి ముందు కూర్చున్నారు.

“ముందు అన్నం తిను. ఆ తర్వాత నీ ఇరవైలో ఏది ఇంకా తోడుకోలేదో వెతుకు.”