నీళ్ళల్లో మెరిసిన పట్టు

ఆ మడుగు దగ్గర తెల్లారడం చూడాలండీ! పాలల్లో పాలు కలిసినట్టు, మంచులోకి మెల్లగా వెలుగు దిగేది. తామరాకులు ఎక్కడున్నాయో, ఆకాశం ఎక్కడుందో తెలిసేది కాదు. అక్కడి బాతులకి ఒక అలవాటుంది. ఏ గుడ్డ కొనాలన్నా ఒంటిమీద వేసుకుని, నీళ్ళల్లో నీడ చూసుకుని కొంటాయి. ముక్కుతో పట్టి చూడవు. పట్టి చూస్తే అమ్మేవాణ్ణి అనుమానించినట్టట, మర్యాద కాదట!

ఇది కనిపెట్టాడు జంబయ్య అనే నక్క. ఒడ్డునే కొట్టు పెట్టాడు. అదీ పొద్దున్నే, మంచు విడకముందు.

పైడమ్మ అనే బాతు తొలిసారి ఐదు గుడ్లు పెట్టింది. మేతకెళ్తే అవి చల్లారిపోతాయేమోనని ఒకటే బెంగ.

"రా అక్కా, అసలైన పట్టు దుప్పటి! రాణీ హంసలు కప్పుకునే రకం," అన్నాడు జంబయ్య.

"వెచ్చగా ఉంటుందా తమ్ముడూ? గుడ్ల మీద కప్పాలి."

"పిల్లలు బయటికి రామని పేచీ పెడతారు చూడు! ముందు నీళ్ళల్లో చూస్కో."

చూసుకుంది. నీళ్ళు కదిలితే జరీ కదిలింది. మడుగంతా బంగారం పరుచుకున్నట్టు, తను అందులో కలగంటూ తేలిపోతున్నట్టు అనిపించింది.

"ఏమివ్వమంటావ్?"

"నీ రొమ్ము మీది నూగు ఈకలు ఇచ్చెయ్, చాలు."

పీకి ఇచ్చేసింది! గూట్లో పరుచుకునేది అవేనండీ, గుడ్లకి అసలు వెచ్చదనం అవే.

మర్నాటికి మంచు పడి దుప్పటి పసుపు రంగు కారింది. గుడ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. ముక్కుతో లాగి చూస్తే ఏముంది, ప్లాస్టిక్ దారం! ఇక పైడమ్మ గూడు వదల్లేదు. రెండ్రోజులు తిండి లేదు. లేస్తే గుడ్లు పోతాయి, లేవకపోతే తను పోతుంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

మూడోరోజు పొద్దున్న జంబయ్యే రావులమ్మ అనే బాతుని వెంటబెట్టుకొచ్చాడు.

"నా మాట నమ్మకు. పైడమ్మక్కని అడుగు, ఎలా ఉందో!"

మోసపోయానని ఎవరు చెప్పుకుంటారని వాడి ధైర్యం.

"బాగుందా పైడీ? నాకూ గుడ్లున్నాయి," అంది రావులమ్మ.

'బాగుంది' అన్న మాట పైడమ్మ ముక్కు చివరిదాకా వచ్చింది. అంతలో నూగు ఈకలతో నిండుగా ఉన్న రావులమ్మ రొమ్ము కంటబడింది. గబుక్కున లేచి నిలబడింది. బోడి రొమ్ము, పసుపంటిన గుడ్లు, అన్నీ కనబడ్డాయి.

"ఇదొదినా వీడి పట్టు! నేను పట్టి చూడలేదు. నువ్వు చూడు."

మంచులోంచి ఇంకో బాతు అంది, "నాకూ ఇదే అంటగట్టాడే!"

"నాకూనే! నవ్వుతారని చెప్పలేదు," అంది మరొకటి.

"అక్కల్లారా, కాస్త వినండి..." అంటూ జంబయ్య వెనక్కి జరిగాడు.

"ఎవరికిరా అక్క?" అని రావులమ్మ ముక్కు చాపేసరికి పరుగే పరుగు!

రావులమ్మ ఆ గుడ్ల మీద మెల్లగా సర్దుకు కూర్చుంది. "వెళ్ళి తినిరా పైడీ. వదినలందరం వంతులేసుకుంటాంలే."

అవతలి ఒడ్డుకి మార్చినా జంబయ్య కొట్టుకి ఇప్పుడు ఒక్కరూ రావట్లేదు. అమ్ముడుపోని దుప్పట్లన్నీ తనే కప్పుకుని గజగజ వణుకుతున్నాడు.

మోసపోయినవాళ్ళు సిగ్గుపడి నోరు మూసుకున్నంతకాలం, మోసగాడి కొట్టు తెరిచే ఉంటుందండీ.