అడుగంటిన గుండిగ

వంట మేస్త్రి పేరయ్య గారికి ఒక పట్టింపు ఉంది. పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఎవరేమడిగినా జవాబివ్వరు. పెళ్లికూతురి తండ్రి వచ్చి వంకాయలు చాలతాయా అన్నా అంతే, కొత్తగా పనిలో చేరినవాడు ఉప్పెంత వేయాలన్నా అంతే. బాపట్ల చుట్టుపక్కల నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్న మనిషి కాబట్టి జనమే సర్దుకుపోయేవారు. ఆయన దగ్గర ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్న కోటిలింగానికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు పొద్దున్నే, గాడిపొయ్యిలో కట్టెలు రాజుకుంటుండగా అడిగేశాడు.

"మేస్త్రి గారూ, అప్పులన్నీ ఒక్కసారే తీరిపోయే దారి ఏదన్నా ఉందంటారా?"

పేరయ్య గారు ఇంకో కట్టె లోపలికి తోసి, పరమాన్నం గుండిగ చూసుకోమన్నట్టు వేలు చూపించి, కూరల వైపు వెళ్లిపోయారు.

నిజానికి కోటిలింగం దారి వెతుక్కోవడం లేదు. దారి దొరికిందనుకుని, పెద్దాయన చేత సరేననిపించుకుందామని అడిగాడు. అతనికి ఐదుచోట్ల అప్పులున్నాయి. తల్లి ఆపరేషనుకు తెచ్చిన లక్ష ఒక్కటే అసలు అవసరానికి తెచ్చింది. మిగతా నాలుగూ దాని వడ్డీ కట్టడానికి పుట్టినవి. ఒకరికి ఇవ్వడానికి ఇంకొకరి దగ్గర తెచ్చి, ఆ ఇంకొకరికి ఇవ్వడానికి మూడోవాడి గుమ్మం ఎక్కి, రెండేళ్లలో ఆ లక్షను రెండు లక్షల ఎనభై వేలు చేశాడు. ఇప్పుడు ఫైనాన్సు వ్యాపారి ఒకడు నూటికి మూడు రూపాయల వడ్డీ మీద నాలుగు లక్షలిస్తానన్నాడు. అన్నీ ఒక్క దెబ్బకు తీర్చేసి, మిగిలినదానితో కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. కాకపోతే ఇల్లు తాకట్టు పెట్టాలి.

ఆ రెండు గదుల ఇల్లు భార్య నాగరత్నం పేరున ఉంది. పదకొండేళ్లు మిషను కుట్టి కూడబెట్టిన డబ్బుతో ఆమె కొన్నది. సాయంత్రం నాలుగింటికల్లా ఆమె సంతకం పెట్టిన కాగితం వ్యాపారి చేతికి అందాలి. రేషన్ కార్డు కాగితమని చెప్పి పెట్టించుకుంటే సరిపోతుందని కోటిలింగం అనుకున్నాడు. అలా అనుకున్న రోజు నుంచీ అతనికి అన్నం సహించడం లేదు. కాగితం మాత్రం మడత నలగకుండా సంచిలో ఉంది.

పదకొండింటికి ఫోను మోగింది. ఆ వ్యాపారే. నాలుగు దాటితే డబ్బు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. కోటిలింగం గోడవారకు పోయి పది నిమిషాలు బతిమాలుతూ నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి గుండిగలోంచి మాడు వాసన వస్తోంది. మూడు వందల మందికి వండుతున్న పరమాన్నం. గబగబా తెడ్డు అందుకుని అడుగుదాకా దించబోయాడు, ఎడమ చేత్తో పాల క్యాను దగ్గరికి లాక్కున్నాడు. కొత్త పాలు పోసి గట్టిగా కలిపేస్తే వాసన చచ్చిపోతుందని ఆశ.

వెనకనుంచి వచ్చి పేరయ్య గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని కోటిలింగానికి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆయన గుండిగ వంక చూడను కూడా చూడలేదు. ముందు వంగి, పొయ్యిలో మండుతున్న కట్టెలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి, నీళ్లు కొట్టి ఆర్పారు. పాల క్యానును దూరంగా పెట్టించారు. ఖాళీ గుండిగ ఒకటి తెప్పించి, అడుగు కదలకుండా పెద్ద గరిటెతో పైపైన తోడి అందులో పోయడం మొదలుపెట్టారు. కోటిలింగం కూడా ఓ గరిటె అందుకున్నాడు. ముప్పాతిక వంతు తోడాక ఆయన ఆగిపోయారు. కింద తెల్లగా ఇంకా చాలానే కనబడుతోంది. ప్రాణం ఒప్పక కోటిలింగం మళ్లీ గరిటె ముంచబోయాడు.

"అది పోయింది లేరా," అన్నారు పేరయ్య గారు. పొయ్యి ఆరింది కాబట్టి నోరు తెరిచారు. "దానికి ఆశపడితే ఇది కూడా పోద్ది."

తోడినదాంట్లోంచి చిటికెడు అరచేతిలో వేసుకుని రుచి చూశారు. వాసన అంటలేదు. తువాలుతో చేతులు తుడుచుకుని నేరుగా పెళ్లికూతురి తండ్రి దగ్గరికి నడిచారు. పాలు మంచివి కావనో, కట్టెలు పచ్చివనో ఏదో ఒకటి చెబుతారనుకుంటూ కోటిలింగం వెంట వెళ్లాడు. ఆయన అవేవీ చెప్పలేదు. పరమాన్నం అడుగంటిందనీ, పావు వంతు పోయిందనీ, తలా కాస్త తగ్గించి వడ్డిస్తే అందరికీ వస్తుందనీ, పోయినదాని ఖరీదు తన కూలిలో కోసుకోమనీ చెప్పారు. ఆ తండ్రి మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. తర్వాత, ముందే చెప్పి మంచిపని చేశారనీ, వడ్డించేవాళ్లతో తానే మాట్లాడతాననీ చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఒక నిజం చెప్పి బయటపడడానికి ఇంత కొంచెంసేపే పడుతుందని కోటిలింగం ఏనాడూ అనుకోలేదు. అతనికి సిగ్గేసింది.

భోజనాలయ్యాక పేరయ్య గారు మాడిన గుండిగను ఇంటికి తీసుకుపోయి తోముకురమ్మన్నారు. కోటిలింగం ఇనప గరిటె పట్టుకుని అక్కడే గీకెయ్యబోతే, లోపలి కళాయి పూత లేచిపోతుందని లాక్కున్నారు. నీళ్లు పోసి నానబెట్టి, చింతపండూ బూడిదా వేసి కొబ్బరిపీచుతో తోమాలి. అలాగైతే ఎన్నాళ్లకు వదులుతుందని కోటిలింగం నీరసంగా అడిగాడు.

"ఇవాళ్టికి అరచెయ్యంత తోము," అన్నారాయన.

ఆటోలో గుండిగ వేసుకుని ఇల్లు చేరేసరికి మూడున్నరైంది. నాగరత్నం మిషను మీద ఉంది. కోటిలింగం సంచిలోంచి కాగితం తీశాడు. రేషన్ కార్డు మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

"ఇది ఇల్లు తాకట్టు పెట్టే కాగితం రత్నం. నీకు అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకుందామనుకున్నా."

మిషను చక్రం ఆగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్ల వెనక కోపమూ ఉంది. ఆ కోపం చల్లారడానికి నెలలు పట్టింది, చల్లారాలని అతను అడగనూ లేదు. చివరికి ఆమె కాగితం తీసుకుని, తిరగేసి, గుడ్డలకు గుర్తులు పెట్టుకునే పెన్సిలు అందుకుని, ఎవరికెంతో వరసన చెప్పమంది. అతను ఐదు చెప్పాడు. ఆమె ఆరోది తనే రాసింది. సరుకుల కొట్టు బాకీ, నాలుగు వేల రెండొందలు. అతను దాన్ని ఏనాడూ లెక్కలో వేసుకోలేదు. సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది. నాగరత్నం అతని వంకే చూస్తోంది. డబ్బు అక్కర్లేదని చెప్పి కోటిలింగం ఫోను పెట్టేశాడు.

ఆ రోజు నుంచి కొత్తగా రూపాయి అప్పు తేలేదు. మోటారు సైకిలు అమ్మి, అన్నిటికంటే చిన్నవి రెండు బాకీలు తీర్చేశారు. మిగిలిన నలుగురి దగ్గరికీ అతనే వెళ్లి నెలకు ఎంత ఇవ్వగలడో చెప్పాడు. ఒకడు వీధిలోకి వచ్చి మరీ అరిచాడు. ఇంకొకడు వడ్డీ తగ్గించాడు. పెళ్లి కూలి వచ్చిన రోజే నాగరత్నం చేతికి వెళుతుంది. బియ్యానికి, కరెంటుకు, పిల్ల స్కూలు ఫీజుకు ఆమె ముందు వేరువేరు డబ్బాల్లోకి తీస్తుంది. ఆ డబ్బాల మీద ఏ అప్పులవాడి చెయ్యీ పడకూడదని ఆమె పట్టు. మిగిలిందే అప్పుకు. లెక్కవేస్తే అంతా తీరడానికి రెండేళ్లు పైనే పడుతుంది. పట్టనీ అనుకున్నారు. పనికి పోయేముందు పెరట్లో కూర్చుని కోటిలింగం రోజూ అరచెయ్యంత తోమాడు.

పదో రోజున గుండిగ తీసుకుని మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన లోపలికి చెయ్యి పెట్టి అడుగంతా తడిమి చూశారు. కళాయి చెక్కుచెదరలేదు. ఒకచోట గోరంత మచ్చ మాత్రం మిగిలి ఉంది, దాన్ని ఆయన పట్టించుకోలేదు. ఆ రోజు అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదని కోటిలింగం గుర్తుచేశాడు. పొయ్యి ఇంకా వెలిగించలేదు, అడగవచ్చు.

పేరయ్య గారు ఆ గుండిగనే తీసి పొయ్యి మీద పెట్టి, పాలు పోసి, అగ్గిపెట్టె అతని చేతికిచ్చారు. ఇవాళ నాలుగు వందల మందికి పరమాన్నం. కోటిలింగం పుల్ల తీసి, గీయబోయి ఆగాడు.

"మళ్లీ మాడితే?"

"ముందు ఏది బయటికి లాగాలో తెలుసు గదా," అన్నారు పేరయ్య గారు. "వెలిగించు."